వానాకాలం తెల్లవారుజాములు, మా పెద్దమ్మ ప్రార్థనలు

మొన్న విశాఖ నుంచి గునుపూర్ పాసింజరులో వెళ్తుంటే పాతపట్నంలో ఒక ముసలావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. కూర్చుంటూనే రొంటిన దోపుకున్న అమృతాంజనం సీసా తీసి కణతలకు రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నేనక్కడ లేను. గునుపూర్‌లో మా రైల్వే క్వార్టర్ వసారాలో, గోనెపట్టా మీద, పెద్దమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుని ఉన్నాను. బయట వాన. గూట్లో కిరసనాయిలు బుడ్డి. అమ్మ గుమ్మం పట్టుకుని చీకట్లోకి చూస్తోంది.

పెళ్లికని బయల్దేరినదాన్ని, మిగతా దారంతా పెద్దమ్మనే తలచుకుంటూ కూర్చున్నాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గురించి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. రాసేటంత పెద్ద సంగతులేమీ ఆవిడ జీవితంలో లేవని అనుకునేదాన్ని కాబోలు.

ఇప్పటి బ్రాడ్‌గేజి బండ్లు చూసిన పిల్లలకు మా చిన్న రైలు గురించి చెబితే కథ చెబుతున్నాననుకుంటారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది. తర్వాత కొంచెం కొంచెంగా పొడిగించుకుంటూ గునుపూర్ దాకా తెచ్చారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఎదురు గాలి వీస్తే బండి ఆలోచించి నడిచేది. కాశీనగర్ దాటాక వంపుల్లో ఇంజను కూత కొండలకు తగిలి రెండోసారి వినపడేది, ఆ రెండో కూత కోసం మేం చెవులు రిక్కించేవాళ్లం. 2004లో ఆ బండి ఆపేశారు, 2011లో పెద్ద బండి వచ్చింది. దాని మీదే నేను వెళ్లడం, సుఖంగానే ఉంది, కాదనను.

నాన్న ఆ లైను మీద గ్యాంగ్‌మన్. వానలు పట్టాయంటే మొదటి బండి కదలకముందే, ఇంకా చీకటుండగానే, లైను చూసుకుంటూ నడిచి రావాలి. తలమీద గోనెసంచి, చేతిలో లాంతరు, భుజాన సుత్తి, స్పానరు, సంచిలో ప్రమాదముంటే పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు. కల్వర్టుల కింద నీళ్లెంత వచ్చాయి, కంకర కోసుకుపోయిందా, కొండ మట్టి జారి పట్టాల మీద పడిందా, ఇవన్నీ ఒక లాంతరు వెలుగులో చూడాలి.

ఆయన వెళ్లిన క్షణం నుంచి అమ్మకు టెన్షన్ మొదలయ్యేది. అప్పట్లో ఆ మాట మా ఇంట్లో లేదు, బెంగ అనేవాళ్లం. అమ్మ బెంగకు ఒక వరస ఉండేది. ముందు పాము. తర్వాత ఎలుగుబంటి. తర్వాత కాలు జారి కల్వర్టులో పడడం. ఆ తర్వాత, నాన్న చూడకుండా వదిలేసిన చోట బండి పడిపోతే ఉద్యోగం ఊడడం. ఇవన్నీ పైకి చెప్పేది కాదు. పెదాలు కదిలేవి. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయేది, బియ్యం పోయాలన్న ధ్యాసే ఉండేది కాదు.

అదిగో, అప్పుడు పెద్దమ్మ వచ్చేది.

*

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. మా వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. చర్చి లెక్కల్లో బైబిల్ స్త్రీ, అంటే ఇళ్లకు వెళ్లి వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. నెలకు ఏదో కొంత ఇచ్చేవారు, దానికి తోడు పిడికెడు బియ్యం. చర్చి ఆడవాళ్లు వండుకునే ముందు రోజూ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి ఆదివారం తెచ్చేవారు కదా, అందులోంచి ఆవిడ వాటా. తెల్ల చీర, మోచేతుల దాకా జాకెట్టు, అట్ట ఊడిపోతే గుడ్డ కుట్టించుకున్న బైబిలు, అమృతాంజనం. గునుపూర్ వీధుల్లో ఆవిడ ఆస్తి అంతే.

మా చర్చి గురించి ఒక్క మాట చెప్పాలి. కోరాపుట్ వైపు కొండల్లోకి 1882లో జర్మనీ ఉత్తరపు కొస నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. మేం ఆ రెంటికీ నడుమ ఉన్నవాళ్లం, మా పాటల పుస్తకాల్లోనూ మా పెళ్లిళ్లలోనూ రెండూ కలిసిపోయాయి. ఆరాధనలో ఒక పాట తెలుగు, ఒక పాట ఒడియా. కొండ దిగి సంతకొచ్చిన సవరలుంటే వాళ్ల భాషలో ఇంకొకటి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత మా చుట్టరికాల మధ్యగా పోయింది. ఊరు ఒరిస్సాలో, మేనమామలు ఆంధ్రాలో. బడిలో చదువు ఒడియా. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే సండే స్కూలు చలవ. దావీదు కీర్తనల మీద వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నా రాతలో ఇప్పటికీ అక్కడక్కడ "యుండెను", "గనుక" దొర్లుతుంటాయని మా అమ్మాయి నవ్వుతుంది.

సరే, పెద్దమ్మ. ఆవిడ వచ్చి గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. అమ్మను "భయపడకు" అని ఆవిడ ఒక్కసారైనా అనగా నేను వినలేదు. "దేవుడున్నాడు కదే" అని కూడా అనేది కాదు. "ఏటేటి బయమో సెప్పే" అనేది.

అమ్మ కాసేపు బింకం పట్టేది. తర్వాత, "పాము" అనేది.

పెద్దమ్మ కళ్లు మూసుకునేది. "ప్రభువా, ఈ గుంట పాము అంటన్నాది. ఇన్నావు గదా." కళ్లు తెరిచి, "ఇంకేటి?"

"ఆ కాశీనగర్ వైపు కల్వర్టు..."

"ప్రభువా, కల్వర్టు. నీకు తెలిసిందే. ఇంకేటే?"

ఇలా ఒకటొకటిగా అన్నీ బయటికి లాగేది. తొందరపెట్టేది కాదు. ఎలుగుబంటికి ఒక ప్రార్థన, ఉద్యోగానికి ఒక ప్రార్థన, నాన్న దగ్గుకు ఒకటి. ఒకసారి అమ్మ, "షావుకారుకి బాకీ" అంటే దాన్ని కూడా చేర్చింది, అణా పైసలతో సహా. అన్నీ అయ్యాక, "అయిపోనాయా?" అని అడిగేది. అమ్మ తలూపేది. "అయితే టీ పెట్టు."

టీ మరిగేలోగా ఒక్కోరోజు దూరాన నాన్న లాంతరు కనపడేది. కనపడని రోజు టీ తాగి మళ్లీ పాము దగ్గర్నుంచి మొదలు. విసుగన్నది ఆ మనిషి ముఖంలో చూడలేదు. నేను మాత్రం రెండోసారి ఎలుగుబంటి దాకా వచ్చేసరికి ఆవిడ ఒళ్లో నిద్రపోయేదాన్ని.

*

1980లో వంశధారకు వచ్చిన వరద గురించి గునుపూర్‌లో పాతవాళ్లను ఎవర్నడిగినా చెబుతారు. నాకప్పటికి చిన్న వయసు. గుర్తున్నది మొదట చప్పుడు. నీళ్ల చప్పుడులా లేదు, ఎక్కడో చాలా బండ్లు ఆగకుండా పోతున్నట్టు. నాన్న లైను మీదున్నాడు. మమ్మల్ని చర్చిలోకి తీసుకుపోయారు, అరుగు ఎత్తని. క్వార్టర్స్ వాళ్లు, బజారు ఒడియావాళ్లు, సంతకొచ్చి చిక్కుపడిపోయిన సవర కుటుంబాలు, అందరూ అక్కడే. పిల్లల ఏడుపులు, తడి బట్టల వాసన, ఒకే ఒక్క పెట్రోమాక్సు.

పెద్దమ్మ బెంచీల మధ్య తిరిగింది. అందర్నీ అదే ప్రశ్న. బజారు షావుకారు భార్య చర్చిలో అడుగుపెట్టడం బహుశా అదే మొదలు. గొడ్డును కట్టేసి వచ్చాను, తాడు విప్పలేదు అని ఒడియాలో ఏడ్చింది. పెద్దమ్మ ఒడియా అంతంతమాత్రం. వచ్చీరాని ఆ ఒడియాలోనే ఆవు కోసం ప్రార్థన చేసింది. ఎవరో పకాలున నవ్వారు. షావుకారు భార్యా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

నాన్న మర్నాడు సాయంత్రం బురదలో నడుచుకుంటూ వచ్చాడు. అందరి నాన్నలూ రాలేదు. పోయినవాళ్ల ఇళ్లల్లోనూ ప్రార్థనలు జరిగాయి, మా ఇంట్లోకన్నా తక్కువేమీ కాదు. ఇదెందుకిలా అని పెద్దయ్యాక పెద్దమ్మను అడిగాను. ఆవిడ సంజాయిషీ ఏమీ చెప్పలేదు. చెప్పే వాళ్లను తర్వాత చాలామందిని చూశాను, వాళ్ల మాటలు నాకు రుచించలేదు. ఆ వరద తర్వాత నెలల తరబడి ఆవిడ పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చునేది. ఒక్కోరోజు బైబిలు తెరవకుండానే లేచి వచ్చేసేది.

*

బీకాం అయ్యాక నాకు బ్యాంకులో క్యాషియరు ఉద్యోగం వచ్చింది. కొండల మధ్య చిన్న బ్రాంచి. కంప్యూటర్లు లేని కాలం. నోట్ల కట్టలు, పిన్నులు, తడి స్పంజి డబ్బా, మధ్యాహ్నానికి నల్లబడిపోయే వేళ్లు. సాయంత్రం క్యాష్ ట్యాలీ కావాలి. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు, అదే చిత్రం. అయినా రోజూ మూడు గంటలకల్లా అరచేతులు చెమట పట్టేవి. స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలు, ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర. ఇద్దరం కలిసి వేసి బయటికొచ్చాక కూడా నేను బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చి బ్రాంచి షట్టరు లాగి చూసేదాన్ని. వాచ్‌మన్ తాత మొదట్లో నవ్వేవాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

ఒకరాత్రి వాన పడుతుండగా గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పోతున్నాననే అనుకున్నాను. ఇంటివాళ్లు జీపు మాట్లాడి బిస్సంకటక్ తీసుకెళ్లారు. అక్కడి క్రిస్టియన్ హాస్పిటల్‌ను 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టారు. మా వైపు అది పెద్ద ధైర్యం. ఈసీజీ తీశారు, రక్తం చూశారు. గుండె బాగుందమ్మా అన్నారు డాక్టరు. ఇది ఆందోళన వల్ల వచ్చేది, ఒక్కసారిగా ఎగసి కాసేపటికి దానంతటదే దిగుతుంది, ప్రాణం తీయదు అని విడమరచి చెప్పారు. కొన్ని నెలలు మాత్రలు వాడమన్నారు. నిద్ర, నడక, నిదానంగా ఊపిరి వదలడం. రోగానికి ఒక పేరుందని తెలిసినందుకే నాకు సగం బరువు దిగింది.

మిగతా సగాన్ని మళ్లీ ఎక్కించినవాడు ఒక ప్రసంగీకుడు. ఉజ్జీవ కూటాల పందిట్లో మైకు పట్టుకుని, చింతపడేవాడు దేవుణ్ణి నమ్మనివాడు, మాత్రలు మింగి నిద్రపోయేవాడికి విశ్వాసం ఎక్కడుంది అని గర్జించాడు. జనం ఆమేన్ అన్నారు. నా పర్సులో మాత్రల స్ట్రిప్పు ఉంది. అందరూ దాన్ని చూస్తున్నారనిపించింది. ఇలాంటి మాటల వల్ల ఎంతమంది లోలోపల నలిగిపోయారో. ఇప్పటికీ ఫోన్లలో ఆ తరహా ప్రసంగాలు వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

శెలవు పెట్టి గునుపూర్ వెళ్లాను. అమ్మకు చెప్పలేక పెద్దమ్మ ఇంటికి పోయాను. ప్రార్థన చేయమని అడిగాను.

"తిన్నావేటి?" అంది.

ఆకలి లేదన్నాను. మూలనున్న దుత్తలోంచి చోడి అంబలి గిన్నెలో పోసి, ఉల్లిపాయ నలిపి, మిరపకాయ పక్కన పెట్టి నా ముందుకు తోసింది. తాగేదాకా మాట్లాడలేదు. అప్పుడు గుడ్డ అట్ట బైబిలు తెరిచి రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం చదవమంది. ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండ మీద అంత ఘనకార్యం చేసినవాడు, రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అన్నాడు.

"దేవదూత ఒచ్చి ఏటన్నాడే? నీకు విశ్వాసం నేదన్నాడా?"

చదివాను. లేచి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిని తాగి ఏలీయా మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు.

"రెండుమాట్లు తిండెట్టినాడు, పడుకోనిచ్చినాడు. సంగతులు తరవాత. మరి మాత్రలంతావా, లూకా ఎవడే? డాట్రు కాదేటి? పౌలు ఆయన్ని ఎంటబెట్టుకుని తిరగనేదా? ఆ మైకు అయ్యగోరు ఆ పేజీలు చింపీసినాడేమో అడుగు."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఆపైన ఆవిడ గెత్సేమనే తోట గురించి చెప్పింది. సిలువకు ముందు రాత్రి ప్రభువే చింతాక్రాంతుడయ్యాడు, శిష్యుల్ని నాతో కూడ మెలకువగా ఉండండి అని బతిమాలాడు, వాళ్లేమో నిద్రపోయారు. "ఆయనకే తోడు కావలిసొచ్చినాది. నీకు నాకు ఒద్దా?" అంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ కథ విన్నదాన్నే. అందులో ఒక భయపడిన మనిషి ఉన్నాడని ఆ రోజు దాకా నాకు కనపడలేదు.

అప్పుడు అడిగింది, "ఏటేటి బయమో సెప్పు."

చెప్పాను. క్యాష్, తాళం, వాన, గుండె, పిచ్చెక్కుతుందేమోనని. ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పింది. పొద్దు వాలింది. వెళ్లేటప్పుడు తొంభై నాలుగో కీర్తనలో ఒక మాట కంఠతా పట్టమంది. "నా అంతరంగమందు విచారములు హెచ్చగా నీ గొప్ప ఆదరణ నా ప్రాణమునకు నెమ్మది కలుగజేయుచున్నది." విచారాలు లేవని కాదు, హెచ్చాయనే రాశాడు చూడవే అని వేలు పెట్టి చూపించింది.

ఆ వాక్యాన్ని రెండు ముక్కలు చేసుకున్నాను. మొదటి ముక్కకు ఊపిరి లోపలికి, రెండో ముక్కకు నిదానంగా బయటికి. డాక్టరు చెప్పిందీ పెద్దమ్మ చెప్పిందీ ఒకేచోట కుదిరాయి. అద్భుతమేమీ జరగలేదు. దడ మళ్లీ వచ్చింది, పోయింది, ఇంకోసారి వచ్చింది. డాక్టరు చెప్పినంత కాలం మాత్రలు వాడి, ఆయన చెప్పాకే ఆపాను. భయాల్ని ఒక కాగితం మీద రాసి, పక్కన "విన్నావు కదా" అని రాసేదాన్ని. ఒకనాటి సాయంత్రం బస్సు సగం దారి పోయాక గుర్తొచ్చింది, ఆ రోజు షట్టరు లాగి చూడలేదని. దిగుదామా అనుకున్నాను. పక్క సీటు పిల్లవాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. కదిలితే లేస్తాడని ఊరుకున్నాను. దిగాల్సిన ఊరొచ్చేసింది.

*

పెద్దమ్మకు చివరి రోజుల్లో చూపు తగ్గింది. నేను వెళ్తే నా చేత చదివించుకునేది. ఒకసారి బాగా వాన పడుతుంటే, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్దమ్మా, నీకెప్పుడైనా భయం వేసిందా?" అన్నాను.

"బయం నేదనుకున్నావేటి? మీ అమ్మ కోసం ఒచ్చీదాన్నని అందరూ అనుకునీవోరు. వాన పడితే ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనేకే ఒచ్చీదాన్ని."

ఆవిడ భర్త ఏటి నీళ్లలో పోయాడని అప్పుడే తెలిసింది. అమ్మకు కూడా తెలియదట.

*

పెళ్లి అయిన మర్నాడు బుధవారం. స్త్రీల కూటం ఉందంటే వెళ్లాను. చర్చికి టైల్స్ వేశారు, ఫ్యాన్లు, సౌండ్ సిస్టమ్. వెనక ఆ పాత రాతి అరుగు మటుకు అలాగే ఉంది. రైలు భయాలిప్పుడు లేవు. గంజాం, గజపతి జిల్లాల కుర్రాళ్లు సూరత్ మగ్గాల్లోకీ కేరళకూ పోతారు కదా, తల్లుల బెంగంతా ఫోన్ల చుట్టూ తిరుగుతోంది. వంతులవారీగా చెబుతున్నారు. కొడుకు తాగుడు, కోడలి కాన్పు, ఈఎంఐ. ఒకామె, నా ఈడుదే, కొడుకు సూరత్‌లో ఉన్నాడు, మొన్నట్నుంచీ ఫోన్ స్విచాఫ్ అని ఏడ్చింది. పాస్టరమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు.

మధ్యలో ఫోను మోగింది. కొడుకే. ఆమె కళ్లు తుడుచుకుని, ఫోను చెవిన పెట్టుకుని, గుడని కూడా చూడకుండా వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఛార్జరు పోయిందట. కొత్తది కొనడానికి ఇన్నాళ్లా అని, నీ నాన్నా ఇంతే అని, తిన్నావా లేదా అని. మేమంతా తలలు వంచుకునే ఉన్నాం, ప్రార్థన ఇంకా ముగియలేదు మరి. పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి, "ఆమేన్ అన్నాక తిట్టొచ్చు కదమ్మా" అన్నారు.

"ఉండండమ్మగోరూ, ఆయన్ని కూడా విననీయండి," అంది ఆమె, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.